మూడు వృత్తాల బయట పైడితల్లి

1978. విశాఖ పోర్టు దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతికి లెక్కలు చెప్పేదాన్ని. సమితుల పాఠం అప్పుడే కొత్త. వాటిని బొమ్మలో చూపే పద్ధతిని వెన్ డయాగ్రం అంటారు: ఒక్కో సమితికి ఒక వృత్తం, రెండింటికీ చెందినవాళ్లు ఆ వృత్తాలు కలిసేచోట. బోర్డు మీద ఎన్నిసార్లు గీసినా పిల్లలకు ఎక్కలేదు.

ఆ రోజుల్లోనే ఆసుపత్రి నుంచి ల్యాబ్ టెక్నీషియన్ వచ్చి, పిల్లల వేళ్లు గుచ్చి, బ్లడ్ గ్రూపులు చెప్పి వెళ్లాడు. నాకు దారి దొరికింది. వరండాలో సుద్దతో మూడు పెద్ద వృత్తాలు, ఒకదాని మీదికొకటి వచ్చేలా గీశాను. రక్తకణాల మీద ఉండే పదార్థాల పేర్లే వాటికీ పెట్టాను: ఏ, బీ, ఆర్‌హెచ్. ఏ, బీ రెండూ లేనివాళ్లది ఓ గ్రూపు; ఆర్‌హెచ్ ఉంటే పాజిటివ్, లేకపోతే నెగటివ్. ఎవరికి ఏవి ఉన్నాయో చూసుకుని నిలబడమన్నాను. ఏబీ పాజిటివ్ పిల్లవాడు మూడూ కలిసేచోటికి ఎగిరి గంతేశాడు. ఓ పాజిటివ్ వాళ్లంతా ఒక్క ఆర్‌హెచ్ వృత్తంలో తోసుకున్నారు. ఒకటే కేరింతలు.

పైడితల్లి మాత్రం గోడకు ఆనుకుని ఉంది. ఆ పిల్లది ఓ నెగటివ్. మూడింట్లో ఏదీ లేదు.

"మరి నానెక్కడ నిలబడాల టీచరుగారూ?"

"సరిగ్గానే నిలబడ్డావమ్మా. నీ చోటు బయటే."

"దీనికి రగతంలో ఏటీ నేదురోయ్!" అన్నాడొకడు. అందరూ గొల్లుమన్నారు. "అవసరం పడితే నీ రక్తం వీళ్లందరికీ పనికొస్తుంది" అన్నా పైడితల్లి ఏడుపు ఆపలేదు.

మర్నాడు వాళ్ల నాన్న నూకరాజు వచ్చాడు. పోర్టులో కలాసీ.

"మా గుంటకి రగతంలో ఏటీ నేదంట. బతుకుతాదా టీచరమ్మా?"

వరండాలో వృత్తాలు చూపించి, ఇది జబ్బు కాదని, అమ్మానాన్నల నుంచి వచ్చే గుణమని చెప్పాను.

"అయితే దీనమ్మకీ ఇలాగే ఉంటాదా?"

"ఉండొచ్చు. ఏం?"

"దీని తరవాత గుంటడు బాగానే ఉన్నాడమ్మా. ఆ తరవాత ఇద్దరు పుట్టీ పుట్టగానే పచ్చకామెర్లొచ్చి పోనారు. ఇప్పుడు దానికి మల్లీ ఆరో నెల."

రెండూ ముడిపడి ఉన్నాయేమో అనిపించింది కానీ, వైద్యం నాకు తెలియదు. వెంటనే భార్యను తీసుకుని ఆ టెక్నీషియన్ దగ్గరికి వెళ్లమన్నాను. ఆమెదీ ఓ నెగటివే అని తేలింది. తల్లి నెగటివ్, బిడ్డ పాజిటివ్ అయితే, అలాంటి మొదటి బిడ్డకు ఏమీ కాకపోయినా, తర్వాతి కాన్పుల్లో ఒక్కోసారి తల్లి రక్తం బిడ్డ కణాలను పరాయివిగా ఎంచి ఎదురు తిరుగుతుందని అక్కడి డాక్టరమ్మ వాళ్లకు చెప్పింది.

ఈసారి కాన్పు ఆసుపత్రిలో జరిగింది. మగపిల్లాడు. కొద్ది గంటల్లోనే ఒళ్లు పచ్చబడింది. వాడి రక్తం కొంచెం కొంచెం తీస్తూ, వేరే రక్తం ఎక్కించారు. దాన్ని ఎక్స్‌చేంజ్ ట్రాన్స్‌ఫ్యూజన్ అంటారు. రక్తమిచ్చింది భీమిలి నుంచి బస్సులో వచ్చిన పైడితల్లి మేనమామ. అతనిదీ ఓ నెగటివే, తల్లి రక్తం ఎదురు తిరగడానికి అందులో ఏమీ లేదు.

బిడ్డ దక్కాడు. కొన్నాళ్లకు పైడితల్లి తమ్ముణ్ని చంకనేసుకుని బడికి తెచ్చింది.

"ఈడు ఆర్‌హెచ్ గుండ్రంలోకి వత్తాడండి. నాను బయటే ఉంతాను, నాకేటీ బాద నేదు" అంది నవ్వుతూ.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఈ పాఠం వచ్చినప్పుడల్లా ముందు ఒక పెద్ద చతురస్రం గీసి, దాని లోపలే వృత్తాలు గీసేదాన్ని. వృత్తాల బయట ఉన్నవాళ్లూ లెక్కలోని వాళ్లేనని పిల్లలకు మొదటే తెలియాలి.