పంపక్క పట్టా

పంపుహౌసులో పనిచేసేవాళ్ళకి నోరుండీ లాభం లేదు. ఊరంతటికీ నీళ్ళు తోసే మోటార్లు వరసగా మోగుతుంటే, పక్కవాడి చెవి దగ్గర అరిచినా మాట గాలికి పోవాల్సిందే. అందుకే అక్కడివాళ్ళు, ఎవరు ఎప్పుడు మొదలుపెట్టారో తెలియని చేతిసైగలతో పని నెట్టుకొస్తారు. ఒక పిడికిలి మీద ఇంకో పిడికిలి పెడితే యంత్రం ఆగిపోయిందని. అరచెయ్యి నుదుటికి ఆనిస్తే పైనుంచి ఆఫీసరు దిగుతున్నాడు, ఒళ్ళు దగ్గర పెట్టుకోమని. చెవి పక్కన చూపుడువేలు గిరగిరా తిప్పితే బయట లోకంలో పిచ్చి అని అర్థం గానీ, ఆ హాల్లో మటుకు అది ఒక మనిషి పేరు. ఆ మనిషి పంపక్క.

పంపక్క ఇంజనీరింగు చదువుకుని, కొత్త చెప్పులు కరుస్తుంటే కుంటుకుంటూ ఆ హాల్లోకి వచ్చినప్పుడు, ఈ పిల్ల ఇక్కడ నిలుస్తుందా అని అందరూ మూతులు విరిచారు. విరవనివాడు ఒక్క ఫిట్టరు బాబాయే. ఒక ఇనప ఊచ తెచ్చి, ఒక కొస బేరింగు మీద పెట్టి, రెండో కొస ఆమె చెవికి ఆనించాడు. అంత రొదలోనూ లోపల తిరిగే గుండ్ల చప్పుడు విడిగా, సన్నగా వినిపించింది. ఆ రోజు నుంచి ఆమె ఆ ఊచని వదల్లేదు. ఏ బేరింగు బాగుందో, ఏది కాలం తీరబోతోందో చెవి పెట్టి చెప్పేసేది. తండ్రి వయసున్న బాబాయితో సహా అందరికీ ఆమె పంపక్క అయిపోయింది. అక్క అనేవాడికి నెత్తిమీద నల్లవెంట్రుక ఉందా లేదా అని ఎవరు చూస్తారు?

చెవుల్లో పెట్టుకోమని రబ్బరు బిరడాలు ఇచ్చారు. అవి పెట్టుకుంటే బేరింగు వినపడదు. అందుకని పంపక్క వాటిని జేబులో వేసుకు తిరిగేది. బాబాయీ అంతే. ప్రాణంలా చూసుకునే పని ఆ ప్రాణంలోంచే కొంచెం కొంచెం కొరుక్కుతింటుందని వాళ్ళకి తట్టలేదు. తట్టినా మానేవాళ్ళు కారు, అది వేరే సంగతి.

ముందు ఇంట్లో తెలిసింది. వీధి తలుపు కొట్టినా ఆమె కదిలేది కాదు. భర్త టైలరు, ముందుగదిలో మిషను మీద కూర్చుని పిలిచీ పిలిచీ, చివరికి లేచి వచ్చి ఎదురుగా నిలబడేవాడు. మొదట్లో విసుక్కున్నాడు. తర్వాత విసుక్కోవడం మానేశాడు. ఆ మానెయ్యడమే పంపక్క గుండెల్లో రాయి వేసింది. డాక్టరు దగ్గరికి వెళితే, నరం దెబ్బతిందనీ, పోయింది తిరిగి రాదనీ, చెవికి మిషను పెట్టినా మాటలు కలగాపులగంగానే ఉంటాయనీ కాగితం మీద రాసి చూపించాడు. పెదాలు కనపడేలా నెమ్మదిగా చెప్పినా సరిపోయేది, పాపం ఆయనకి తెలియదు.

హాల్లో ఎవరికీ తెలియలేదు. ఎలా తెలుస్తుంది? అక్కడ అందరూ చెవిటివాళ్ళలాగే బతుకుతారు. ఊచలో చప్పుడు వినపడకపోతే, కొసని పంటికింద పెట్టి ఆ వణుకుని దవడతో పట్టడం నేర్చుకుంది. కానీ కొత్తగా ఒక రూలు వచ్చింది. వచ్చే ఏడాది నుంచి హాలు సిబ్బందికి ఏటా చెవిపరీక్ష చేస్తారట. తప్పినవాళ్ళని స్టోర్సుకి పంపుతారట. స్టోర్సంటే గోడ అవతల రేకుల షెడ్డు; బోల్టులూ నట్టులూ వేరుచేసి డబ్బాల్లో పోసే చోటు. యంత్రాల మధ్య పెరిగిన మనిషికి అక్కడ కూర్చోవడం కంటే రాజీనామా మేలు. పంపక్కకి నిద్ర కరువైంది.

దారి చూపించింది భర్తే. విశ్వవిద్యాలయంవాళ్ళు కొత్తగా పెట్టిన పద్ధతి ఒకటి ఉంది. ఏళ్ళతరబడి పనిచేసిన ఇంజనీర్లు మళ్ళీ వెళ్ళి బెంచీల మీద కూర్చోనక్కర్లేదు. తాము చేసిన పనినే థీసిసుగా రాసి, పరీక్షకుల ముందు నిలబడి సమర్థించుకుంటే ఎం.టెక్ పట్టా ఇస్తారు. ఆ పట్టా ఉంటే మేడ మీది డిజైను గదికి మారొచ్చు. డిజైను గదివాళ్ళకి చెవిపరీక్ష లేదు.

"పైన ప్రశాంతంగా ఉంటుంది. ఈ గోలలోంచి బయటపడితే నీ చెవులకీ కాస్త తెరిపి," అన్నాడు ఎదురుగా కూర్చుని, పెదాలు కనపడేలా.

ఆమెకీ నిజమే అనిపించింది. గోలే కదా చెవులు తిన్నది, గోల లేని చోటయితే వాటితోనే ఎలాగో నెట్టుకురావచ్చు అనుకుంది. జీవితమంతా గోలలో బతికినవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యని పొరపాటు అది.

థీసిసుకి మూడో నంబరు పంపుని ఎంచుకుంది. అది ఒకప్పుడు కంకర నమిలినట్టు మోగేది. నీళ్ళలో బుడగలు పుట్టి పగులుతూ లోపలి రెక్కల్ని తినేసేవి. నీళ్ళు లోపలికి లాగే గొట్టం వంపు మార్పించి ఆ జబ్బు కుదిర్చింది పంపక్కే. రాయడం తలకు మించిన పనేం కాలేదు. ఆమె భయమల్లా పరీక్షే. నిశ్శబ్దమైన గది, పొడుగాటి బల్ల, అవతల గడ్డంలో గొణిగే పరీక్షకుడు. ఆ దృశ్యం తలుచుకుంటేనే ఆమెకి చెమటలు పట్టేవి. ఆలోచించి ఆలోచించి, యంత్రం ముందే అన్నీ చూపిస్తాను, దయచేసి మీరే రండి అని వాళ్ళకి రాసింది. ఎంత శ్రద్ధ అని వాళ్ళు మురిసిపోయారు.

వచ్చిన ఇద్దరికీ హాల్లోకి అడుగుపెట్టగానే నోట మాట పడిపోయింది. పడిపోకపోయినా వినపడేది కాదనుకోండి. బాబాయి ఒక రేకు ముక్క, సుద్ద తెచ్చిచ్చాడు. పరీక్షకులు చెవుల్లో బిరడాలు కుక్కుకుని ప్రశ్నలు రేకు మీద రాశారు. వంపు ఎందుకు మార్చారు? రెక్క కాకుండా గొట్టమే ఎందుకు? పంపక్క గేజి చూపించి, ప్రశ్న కిందనే బొమ్మ గీసి, లెక్క వేసి జవాబిచ్చింది. చెవి అక్కర్లేని పరీక్ష కనక ఆమె ఎక్కడా తడబడలేదు. పోతూ పోతూ పరీక్షకుల్లో పెద్దాయన ఆమె చెయ్యి పట్టుకుని ఊపాడు.

పట్టా వచ్చిన రోజున బాబాయి హాలు మధ్యలో నిలబడి చెవి పక్కన వేలు తిప్పి, అదే అరచేతిని నుదుటికి ఆనించాడు. పంపక్క ఆఫీసరైంది. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది గానీ, ఆ సంతోషం ఆమెకి ఒంటబట్టలేదు. దొంగదారిన దాటాను అన్న దిగులు లోపల ఉండిపోయింది. నన్నడిగితే అది దొంగతనం కాదు. ఆమె చేసిన పని ఆమెదే. కానీ దిగులుకి న్యాయం చెప్పేవాళ్ళెవరు?

పైగదిలో తివాచీ ఉంది, అద్దాల కిటికీలున్నాయి, అడుగుల చప్పుడు కూడా లేదు. ఆ గది పెద్దకి అందరూ పెట్టుకున్న పేరు మెత్తనిసారు. మంచివాడే. గొంతు పెంచడం ఎరగడు. పైగా ముందు నడుస్తూ, తలుపు తీస్తూ, వెనకవాళ్ళకి వీపు చూపించి మాట్లాడే అలవాటు. ఆ గదిలో అంతా అంతే. కాగితంలో తల పెట్టుకుని అడుగుతారు, వెనకనుంచి పిలుస్తారు, కప్పు మూతికి అడ్డం పెట్టుకుని జోకులేస్తారు. హాల్లో ఎవరూ ఎవరినీ వెనకనుంచి పిలవరు; ఎదుటికొచ్చి, కళ్ళలో చూసి చెప్తారు. అంత రొదలో ఏ ఒక్క మాటా పోగొట్టుకోని పంపక్కకి ఇక్కడ, ఈ నిశ్శబ్దంలో, ఏదీ అందలేదు.

కొన్నాళ్ళకి గదిలో గుసగుసలు బయల్దేరాయి. పిలిస్తే పలకదు. పట్టా రాగానే కళ్ళు నెత్తికెక్కాయి. టైపిస్టు ముఖంలో ఆ మాట ఆమెకి కనపడింది కూడా. చెవిటిది అనిపించుకోవడం కంటే పొగరుబోతు అనిపించుకోవడమే నయమని పంపక్క తీర్మానించుకుంది. తల ఎత్తి నడవడం మొదలుపెట్టింది. ఇంటికెళ్ళి ఏడ్చేది.

ఒక మధ్యాహ్నం కిటికీ దగ్గర నిలబడి ఉంటే, కింద ఆవరణలో బాబాయి గేటు వైపు పోతూ కనిపించాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. ఈయనేంటి ఇటొచ్చాడు అనుకునేంతలో టైపిస్టు ఆమె ఎదుటికి వచ్చింది.

"ఆ పెద్దాయన మీ వెనకే నిలబడి పంపక్కా, పంపక్కా అని పిలిచాడండీ. మీరు తిరిగైనా చూడలేదు. పాపం, దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు."

పంపక్క అద్దం మీద అరచేత్తో కొట్టింది. బాబాయి వెనక్కి తిరిగితే కదా చూసేది. మెట్లు దిగి పరిగెత్తేసరికి గేటు దగ్గర ఎవరూ లేరు. మర్నాడు వెళ్ళి చెప్పుకోవచ్చు. కానీ ఏమని చెప్పాలి? హాల్లో రహస్యం ఉండదు. చేత్తో చెప్పింది ఆ కొస నుంచి ఈ కొస దాకా అందరికీ కనపడుతుంది. రేపు, ఎల్లుండి అనుకుంటూ వారం గడిపేసింది.

ఆ తర్వాత ఒకనాడు మెత్తనిసారు హాలు చూడ్డానికి దిగుతూ ఆమెనీ వెంట తీసుకెళ్ళాడు. మూడో నంబరు దగ్గర బాబాయి స్పానరుతో ఏదో బిగిస్తున్నాడు. ఆమెని చూశాడు. స్పానరు పక్కన పెట్టి, నిటారుగా నిలబడి, అరచెయ్యి నుదుటికి ఆనించాడు. చెవి పక్కన వేలు తిరగలేదు. పేరు పోయింది, ఆఫీసరు మిగిలింది.

అప్పుడిక ఆమె వెనకా ముందూ చూడలేదు. తన చెవి చూపించి, పిడికిలి మీద పిడికిలి పెట్టింది. ఆగిపోయింది. రెండో చెవి చూపించి మళ్ళీ పెట్టింది. గేజిల దగ్గరున్నవాళ్ళు, నిచ్చెన మీదున్నవాళ్ళు అందరూ చూశారు.

బాబాయి నెమ్మదిగా తన చెవి చూపించి, పిడికిలి మీద పిడికిలి పెట్టాడు. గోడ అవతలి రేకుల షెడ్డు వైపు వేలు చూపించాడు. పరీక్ష తప్పాడు. పైగది ఇంజనీరెవరైనా ఈ మనిషి యంత్రాల దగ్గర కావాలని ఒక్క మాట చెపితే అతన్ని హాల్లోనే ఉండనిచ్చేవారు. ఆ మాట కోసమే ఆ రోజు వచ్చాడు. గడువు దాటిపోయింది. రేపటినుంచి స్టోర్సు. ఇందులో రూలు ఆమెకి తెలిసిందే; మిగతాదంతా అతని చేతులు నాలుగు కదలికల్లో చెప్పేశాయి. చెప్పి, ఆమె మీద కోపం లేదన్నట్టు, చెవి పక్కన వేలు ఒకసారి తిప్పాడు. స్పానరు తీసుకున్నాడు.

బయటికొచ్చాక, మెట్ల కింద మెత్తనిసారు ఆగి ఆమె వైపు తిరిగాడు. పెదాలు స్పష్టంగా కనిపించాయి.

"ఏమంటున్నాడమ్మా ఆయన?"

పంపుల గురించే సార్ అనేస్తే సరిపోయేది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా.

"చెవులు పోయాయంటున్నాడు సార్. అయినా ఆయన యంత్రాల దగ్గరే ఉండాలి. మీరు చెప్తే బదిలీ ఇంకా ఆగుతుందేమో." తన చెవి మీద వేలు పెట్టింది. "నావీ పోయాయి సార్. చాలా ఏళ్ళయింది. అందుకే పిలిస్తే పలకను."

మెత్తనిసారు ముఖం చటుక్కున దించుకున్నాడు. మెట్లెక్కడం మొదలుపెట్టాడు. పైన తలుపు తీస్తూ, ఆమెకి వీపు పెట్టి, ఏదో చెప్పాడు. భుజాలు కదలడం చూసి, చెప్పాడని మాత్రం ఆమెకి తెలిసింది.