పటికబెల్లం చలవ

మా ఆఫీసులో పెట్టిన వైద్య పరీక్షల్లో షుగర్ ఉందని బయటపడ్డవాళ్లలో నేనొకదాన్ని. నా పక్క సీటు అమ్మాయి ఇంకొకతె. చందానగర్ నుంచి వచ్చేది, నాకంటే ఏడేళ్లు చిన్నది. రక్తంలో చక్కెర మూడు నెలల సగటు ఇద్దరికీ తొమ్మిది దగ్గరే ఉంది. ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఎదురెదురుగా కూర్చుని చప్పటి టీ తాగుతూ ఒకరినొకరం ఓదార్చుకున్నాం. అప్పటికి ఆమె అంటే నాకు ఇష్టమే.

ఆర్నెల్లు తిరిగేసరికి ఆమెది ఆరున్నరకు దిగింది. నాది పైకే పోయింది. ఆ రిపోర్టు ఆమె నాకు ఫోన్లో చూపిస్తుంటే "చాలా సంతోషం" అన్నాను గానీ, కడుపు భగ్గుమంది. శుక్రవారం వస్తే నలుగురితో కలిసి బిర్యానీ తినే మనిషికి తగ్గడమేమిటి, పుల్కాలు తిని చచ్చే నాకు పెరగడమేమిటి? తిన్న వెంటనే ఆమె మూడంతస్తుల మెట్లు ఎక్కి దిగి వచ్చేది. నాకు బిర్యానీయే కనిపించేది, మెట్లు కనిపించేవి కావు.

ఆ రోజుల్లోనే నా చిగుళ్లు వాచాయి. బ్రష్ చేస్తే రక్తం. కింది వరసలో ముందు పన్ను కదలడం మొదలెట్టింది. మాది కాకినాడ వైపు. నోట్లో పుండైనా, కళ్లు మండినా, ఒంటి మీద సెగ్గడ్డ లేచినా మా ఇంట్లో ఒకటే మాట, వేడి చేసిందని. దానికి విరుగుడు సబ్జా నీళ్లు, అందులో పటికబెల్లం. పంచదార వేడి, పటికబెల్లం చలవ. ఈ సంగతి నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. టీలో పంచదార మానేసిన దాన్ని, రోజూ పెద్ద సీసా నిండా ఆ నీళ్లు కలుపుకుని పుప్పాలగూడ నుంచి ఆఫీసుకు మోసుకొచ్చేదాన్ని. ఎంత తాగినా దాహం తీరేది కాదు. వేడి ఇంకా తగ్గలేదనుకుని ఇంకో ముక్క వేసేదాన్ని.

ఒకరోజు ఆ అమ్మాయి నా సీసా వంక చూసి అడిగింది.

"అక్కా, గా నీళ్లల్ల ఏం కలుపుతున్నవ్?"

"ఏమీ లేదు, ఒట్టి సబ్జా" అన్నాను.

ఎందుకు అబద్ధమాడాను? ఆ చలవకు షుగర్ కూడా దిగుతుందని నా నమ్మకం. ఆమెకు చెబితే ఆమె కూడా తాగి, షుగర్ ఇంకా తగ్గించుకుని, ఆరుకు దిగిపోతుందేమోనని. సిగ్గుగా ఉంది గానీ, అదే నిజం.

"జర ఒకసారి పండ్ల డాక్టరుకు చూపిచ్చుకో అక్కా, చిగుర్లు బాగా వాచినయ్" అంది మళ్లీ. ఆమె చెప్పిందన్న ఒక్క కారణానికి రెండు నెలలు వెళ్లలేదు. అన్నం నమలలేని స్థితి వచ్చాక నార్సింగిలో ఒక పళ్ల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను.

"వేడి చేసిందండీ" అన్నాను కుర్చీలో వాలుతూ.

"వేడి కాదమ్మా, వాపు. షుగర్ ఎంతుంది?" అంది ఆవిడ. చెప్పాను. ఆవిడ అద్దం పక్కన పెట్టి నింపాదిగా వివరించింది. రక్తంలో చక్కెర ఎప్పుడూ ఎక్కువగా ఉంటే ఒంట్లోని రక్షణ కణాలు, గొడవ లేకపోయినా వీధిలో లాఠీలు తిప్పుతూ తిరిగే పోలీసుల్లా తయారవుతాయట. ఆ దెబ్బలు మన చిగుళ్లకు, రక్తనాళాలకు, మూత్రపిండాలకు తగులుతాయట. పైకి కనిపించని ఆ వాపు ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వదు, దాంతో చక్కెర మళ్లీ పెరుగుతుంది. ఒకదాన్నొకటి ఎగదోసుకుంటూ పోతాయి.

"పంచదార మానేశానండీ. సబ్జాలో పటికబెల్లం, అంతే. అది చలవ కదా."

ఆవిడ నవ్వలేదు. "పటికబెల్లం అంటే పంచదారేనమ్మా. గడ్డ కట్టించారు, అంతే. ఈ పన్ను నిలవదు. ముందు షుగర్ దించుకుని రండి, తీసేద్దాం."

పటికబెల్లం మానేశాక షుగర్ కాస్త దిగింది. పన్ను తీసే రోజున మావారు ఊళ్లో లేరు. ఒంటరిగా రావద్దని డాక్టరమ్మ చెప్పింది. సంగతి తెలిసి ఆ అమ్మాయి సెలవు పెట్టి మరీ వచ్చింది. బయట బెంచీ మీద కూర్చున్నప్పుడు, ఇక దాచలేక పటికబెల్లం సంగతి చెప్పేశాను.

ఆమె నా వైపు తిరిగింది. "మా అమ్మ గూడ నాకు గదే తాగిపిచ్చింది అక్కా, మొదట్ల. నా చిగుర్లు గిట్లనే వాచినయ్. డాక్టర్ తిట్టినంక బంద్ జేసిన. నువ్వు గూడ గదే తాగుతున్నవేమోనని ఆ రోజు అడిగిన. ఒట్టి సబ్జా అన్నవ్ గదా, ఇగ నేనేం అనలే."

లోపలికి పిలిచారు. పన్ను వచ్చేసింది, పెద్దగా నొప్పి కూడా లేదు. బయటికి వచ్చేసరికి ఆమె నా చెప్పులు సరిచేసి పెట్టి, మందుల చీటీ చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. "ఫికర్ చెయ్యకక్కా" అని నవ్వింది. ఒక్క సందు లేని పలువరస. ఆ క్షణంలో కూడా నా కళ్లు ఆ పళ్ల మీదే పడ్డాయి, ఒళ్లు మండింది.

నోట్లో దూది ఉండడంతో ఆమెకు థాంక్స్ చెప్పలేకపోయాను. దూది లేకపోయినా చెప్పేదాన్ని కాదేమో.