కిమ్ సార్ నాయిన, నా ఆల్టాయిక్ తెలివి

పోయిన వారం ఒక పెద్దమనిషి నాయిన కొరియాల నిమ్మలంగ ఉంటే, ఈడ ఇబ్రహీంపట్నం కాడి కొంగరకలాన్‌ల కూసొని ఆయనను నేను మంచాన వడేసిన. ఎట్లనో ఇనుండ్రి, నవ్వుడు తర్వాత.

మా ఫ్యాక్టరీల కొత్త మిషన్ బిగించనీకి కొరియా నుంచి కిమ్ సార్ వచ్చిండు. ఇంగ్లిష్ అంతంత మాత్రం. ట్రాన్స్‌లేటర్‌కు జరమొచ్చి రాలె. ఫోన్లేమో గేటు కాడనే ఇచ్చి లోపలికి పోవాలె. మా మేనేజర్ సార్ పరేషాన్ అయితుంటే నేను చెయ్యి లేపిన.

నాకు కొరియన్ రాదు. రెండేండ్ల సంది టర్కీ సీరియళ్లు చూసి ఒక నలభై మాటలు నేర్చుకున్న, గంతే. కాకపోతే ఒక వీడియోల చూసిన, టర్కీ, మంగోలియా, కొరియా, జపాన్ భాషలన్నీ ఆల్టాయిక్ అని ఒకటే కుటుంబమట. గదే మేనేజర్ సార్‌కు చెప్పిన. క్రియ ఆఖరికి వస్తది, మాటలకు తోకలు అతుక్కుంటయ్ అని సమజ్ చేసిన.

"మన తెలుగుల గూడ గంతే గదా?" అన్నడు సార్. ఇనవడనట్టు కిమ్ సార్ దిక్కు నడిచిన.

పొద్దుగాల మంచిగనే నడిచింది. నేను టర్కీల పలకరిస్తే కిమ్ సార్ వంగి దండం పెట్టిండు. అర్థమైందనుకున్న. పిచ్చోనితోని ఎందుకని పెట్టిండని ఇప్పుడనిపిస్తది.

బువ్వ తిన్నంక ఆయన మొఖం పాలిపోయింది. కుర్చీల కూలబడి "ఆపా, ఆపా" అంటుండు. ఆపా అంటే అక్క గదా, అక్క యాదికొచ్చిందేమో అన్నడు మేనేజర్ సార్. అది ఉర్దూ సార్, ఇది ఆల్టాయిక్ అని నవ్విన. టర్కీల నాయినను బాబా అంటరు. బాబా అరిగి అరిగి ఆపా అయిందని నేనే లెక్క కట్టి, ఆయన నాయినకు సీరియస్ అని తేల్చిన.

ఇగ చూడుండ్రి. మేనేజర్ సార్ భుజం మీద చెయ్యేసి ఓదార్చిండు. క్వాలిటీ సెక్షన్ల ఒక అక్క కండ్లు మూసుకొని ప్రార్థన చేసింది. ఒకాయన ఫ్లైట్ టికెట్ చూడనీకి ఉరికిండు. ఆయన "ఆపా" అన్నప్పుడల్ల మేము ధైర్యం చెప్తున్నం.

చాయ్ పోసే యాదమ్మ వచ్చి జరసేపు చూసింది. "ఆయనకు కడుపు నొస్తుంది బిడ్డా. పొద్దుగాల మిర్చి బజ్జీలు తినిపిచ్చింది నువ్వే గదా?"

అవ్, గా సంగతి మీకు చెప్పలె.

యాదమ్మ వాము నీళ్లు తాపింది. అరగంటల కిమ్ సార్ లేచి కూసున్నడు. సాయంత్రం గేటు కాడ ఫోన్ తీసుకొని అండ్ల తర్జుమా చేసి చూపిచ్చిండు, ఆపా అంటే నొప్పి. నాయినకేమో ఏ నొప్పీ లేదట, రోజు కొండ ఎక్కి దిగుతడట. సిగ్గు చంపుకొని ఆల్టాయిక్ గురించి అడిగిన. అది ఒక కుటుంబమే కాదని ఇప్పుడు చానామంది పండితులు అంటున్నరట. పక్కపక్కన బతికి మాటలు ఇచ్చిపుచ్చుకున్నరట, గంతే. ప్లాట్ల రేట్లు పెరిగినంక మా ఇబ్రహీంపట్నంల సొంత అన్నదమ్ములే ఒక కుటుంబం కాదంటున్నరు, నేను వోయి టర్కీకి కొరియాకు చుట్టరికం కలిపిన.

వచ్చే వారం జపానోళ్లు వస్తున్నరు. మాట్లాడనీకి యాదమ్మను కూసోబెడ్తున్నరు. చాయ్ డ్యూటీ నాది.