మోతి మెడలో బిల్ల

నా చిన్నప్పుడు మా ఇంట్లో రెండు పేర్లున్న మనిషి మా బాపు ఒక్కడే. ఇంట్లో ఒక పేరు, బొగ్గుబాయిలో ఇంకో పేరు. మా వైపు బాయి అంటే గని, బాపు అంటే నాన్న, అవ్వ అంటే అమ్మ. అసలు ఆ కొలువు వచ్చింది బాపు వాళ్ల పెదనాయన కొడుక్కి. ఆయన మొదటిరోజు ఆ చీకట్లోకి దిగి, సాయంత్రం పైకొచ్చి, ఇక చచ్చినా దిగనని ఊరికి పారిపోయాడు. ఆయన కాగితాలు పట్టుకుని, ఆయన పేరుతో మా బాపు దిగాడు. హాజరు గదిలో నంబరు కొట్టిన ఇత్తడి బిల్ల చూపిస్తే సరిపోయేది, ముఖం వంక ఎవరూ చూసేవారు కాదు. మా లైన్లో ఇరవై ఇళ్లుంటే నాలుగైదు ఇళ్లలో ఇదే సంగతి. తప్పని ఎవరికీ తోచలేదు. మాకు బిల్ల ఉన్నవాడే మనిషి.

ఈ సంగతి ముందు చెప్పకపోతే మా కుక్క సంగతి మీకు అర్థం కాదు. అందుకే చెప్పాను.

కుక్క పేరు మోతి. తేనెరంగు ఒళ్లు, ఛాతీ మీద అరచేయంత తెల్లమచ్చ. పక్కింట్లో దాని తోడబుట్టిన కుక్క ఉండేది, రాజా. అదే రంగు, అదే మచ్చ. రెండూ పక్కపక్కన పడుకుంటే మా అవ్వ కూడా తికమకపడేది. రాజాను సాకేది పక్కింటి అక్క. మాకు చుట్టమేమీ కాదు. జగిత్యాల దిక్కు నుంచి కాపురానికొచ్చిన మనిషి, పుట్టింట్లో గొర్రెల మంద ఉండేదట. అందుకే జీవాల సంగతి ఆమెకు చేతుల్లోనే ఉండేది.

పొద్దున్నే వాకిలి చల్లి, అరుగు మీద కూర్చుని, రాజాను మోకాళ్ల మధ్యకు లాక్కునేది. ముక్కు నుంచి తోక దాకా చెయ్యి తిప్పేది. చెవులు మడిచి లోపల చూసేది, కాలివేళ్ల సందులు విడదీసేది, పెదవి పైకెత్తి చిగుళ్లు నొక్కి రంగు చూసేది. దొరికిన గోమారునల్లా గిల్లి, కొబ్బరిచిప్పలో పోసి పెట్టుకున్న కిరోసిన్‌లో వేసేది. ఎండాకాలం వస్తే ఒంటికి కానుగ నూనె రాసేది. కోడిబొక్కలు వెయ్యనిచ్చేది కాదు, ఎముక గొంతులో ఇరుకుతుందని. కుక్క నీళ్లు తాగే మూకుడు రోజూ తోమేది. లైన్లో ఆడవాళ్లు నవ్వేవారు, పిల్లకన్నా కుక్కకే ఎక్కువ సేవ చేస్తోందని. అప్పటికి అక్క చంకలో నాలుగు నెలల పిల్ల ఉంది. అక్క ఆ నవ్వులు పట్టించుకునేది కాదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, మోతిని నా చేతికిచ్చి చేయించేది.

“దినాం చెయ్యి తిప్పాలె పిల్లా. అది నోరు తెరిచి చెప్పది గద. మన చేతికే తెల్వాలె.”

నాకు ఎనిమిదేళ్లు. అక్క చేసిందల్లా చేసేదాన్ని. మోతి ఒంటి మీద ఒక్క గోమారు ఉండేది కాదు. లైన్లో ఆ రెండు కుక్కలే మెరిసిపోతుండేవి.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త అది. ఆ ఏడు ఎండాకాలంలో పిచ్చికుక్క ఒకటి మా పక్క లైన్లో లేగదూడను కరిచింది. దూడ చచ్చిపోయింది. వారం తిరక్కుండా డప్పు చాటింపు వేశారు. ఆదివారం నాడు బడి వరండాలో పశువుల దవాఖాన కంపౌండరు కుక్కలకు పిచ్చి పట్టకుండా సూదులు వేస్తాడు, సూది పడ్డ కుక్క మెడకు తగరపు బిల్ల కడతారు, బిల్ల లేని కుక్కలను తర్వాత పట్టుకుపోయి చంపేస్తారు. లైన్లో ఒకటే పరేషాన్. సూది పడితే కుక్క మొద్దుబారిపోతుందని, ఇక మొరగదని ఎవరో అన్నారు. అందరూ అదే మాట అనుకోవడం మొదలుపెట్టారు.

నా భయం వేరు. అంతకు ముందు ఏడు అమ్మవారు పొయ్యకుండా టీకాలు వేశారు. ఇద్దరు మనుషులు నన్ను గట్టిగా పట్టుకుంటే మూడో మనిషి చేతికి గీరాడు. అది చీము పట్టి నెల్లాళ్లు మానలేదు. ఆ మచ్చ ఇప్పటికీ నా జబ్బ మీద ఉంది. మోతికి కూడా అటువంటి బాధే పెడతారనుకున్నాను.

ఆదివారం పొద్దున అందరికన్నా ముందు అక్క రాజాను తీసుకుపోయింది. అది ఒక్కసారి కుయ్‌మంది, అంతే. అక్క దాని నోట్లో రొట్టెముక్క పెట్టి, మెడలో బిల్లతో ఇంటికి తీసుకొచ్చింది. తర్వాత మా వంతు. నేను మోతిని కౌగిలించుకుని వాకిట్లో నేల మీద పడుకున్నాను. పొర్లి పొర్లి ఏడ్చాను. అవ్వ రెండు దెబ్బలు వేసింది, లేవలేదు. మా బాపు బాయిలో బండలు పగలగొట్టే మనిషే కానీ నా ఏడుపుకు మాత్రం తట్టుకునేవాడు కాదు. కాసేపు నా వంక చూశాడు, పక్కింటి వంక చూశాడు, ముసిముసిగా నవ్వాడు.

అక్క నీళ్లకని నల్లా దగ్గరికి పోయింది. రాజా వాళ్ల అరుగు మీద పడుకుని ఉంది. బాపు దాని మెడలో తాడు విప్పి, బిల్లను వాళ్ల గోడకున్న మేకుకు తగిలించి, రాజాను నడిపించుకుంటూ బడికి బయలుదేరాడు. నన్నూ రమ్మన్నాడు. సంగతి అర్థమై నా ఏడుపు టక్కున ఆగిపోయింది.

కంపౌండరు పెద్ద వయసు మనిషి. పొద్దుటి నుంచి నిలబడే ఉన్నాడు, చొక్కా అంతా చెమట. రాజాను చూసి అనుమానపడ్డాడు. “ఇది ఇంతకుముందే వచ్చినట్టుంది గద?”

“లేదు సారూ, ఇది దాని తమ్ముడు. ఒక్క కడుపుల పుట్టినయి,” అన్నాడు బాపు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. కంపౌండరు కూడా నవ్వి, రిజిస్టరులో మా ఇంటి నంబరు రాసుకున్నాడు. రాజా మెడ పట్టుకుంది నేనే. గంట తిరగకముందే దానికి రెండో సూది పడింది. ఈసారి గట్టిగా అరిచింది. ఇంటికొచ్చి దాని బిల్ల దానికి కట్టి, కొత్త బిల్ల మోతి మెడలో వేశాం.

“దీనికి గూడ బాయిల పేరు పడ్డది పో,” అని బాపు నవ్వాడు. అవ్వ కూడా పడీపడీ నవ్వి, పక్కింట్లో చెప్పొద్దని మాత్రం నా చెవి మెలిపెట్టింది. ఆ రోజు నాకున్న గర్వం ఇంతా అంతా కాదు. నా కోసం మా బాపు సర్కారు వాళ్లనే బోల్తా కొట్టించాడు. అంత ప్రేమ లైన్లో ఏ పిల్లకుందని ఎగిరిపడ్డాను.

వానలు పడ్డాక ఒకరోజు మోతి చెవి చిరిగి ఇంటికొచ్చింది. బయటి కుక్కేదో కరిచింది. నేనే సబ్బుతో కడిగి పసుపు అద్దాను. నాలుగు రోజుల్లో గాయం ఎండిపోయింది, నేనూ మరిచిపోయాను.

నెలన్నర గడిచింది. ఒక పొద్దున మోతి మంచం కింది నుంచి బయటికి రాలేదు. పిలిస్తే తల ఎత్తి మళ్లీ దించేసింది. గంజి పోస్తే మూతి పెట్టి తీసేసింది. నోటి వెంట చొంగ తీగలుగా కారుతోంది. మొరగబోతే గొంతు బొంగురుపోయి ఏదో వింత చప్పుడు వచ్చింది. బాపు మొదటి షిఫ్టుకు పోయాడు, అవ్వ కట్టెలకు పోయింది. నేను అక్క దగ్గరికి పరుగెత్తాను.

అక్క పిల్లను ఊయలలో వేసి వచ్చింది. మోతి ముందు గొంతుక్కూర్చుని కాసేపు చూసింది. “గొంతుల బొక్క ఇరికింది కావచ్చు,” అంది. చెయ్యి ముందుకు చాపి, ఏం తోచిందో, మళ్లీ వెనక్కి తీసుకుంది. నా వైపు తిరిగింది.

“గీనికి సూది పడ్డది గద పిల్లా?”

నేను అబద్ధం కోసం వెతుక్కోలేదు. అది నాలుక మీదే ఉంది. “పడ్డదక్కా. బిల్ల ఉన్నది సూడు,” అన్నాను. నిజం చెబితే అక్క లేచిపోతుంది, మోతి అట్లాగే బాధపడుతుందని భయం. చెవి పట్టి మెలిపెట్టిన అవ్వ చెయ్యి గుర్తొచ్చింది. అన్నిటికీ మించి ఇన్ని రోజులుగా ఆ బిల్లను చూసి చూసి, అది ఉంటే సూది పడ్డట్టే అని నాకే సగం నమ్మకం కుదిరింది.

అక్క మోతి నోరు తెరిచి రెండు వేళ్లు లోపలికి పెట్టింది. లోపల ఏ బొక్కా లేదు. మోతి పళ్లు మూసింది. కోపంగా కూడా కాదు, ఊరికే మూసింది. అక్క చెయ్యి లాక్కుంది. రెండు చోట్ల రక్తం చుక్కలు తేలాయి. కుండ దగ్గర చాలాసేపు సబ్బుతో కడుక్కుని, పసుపు గుడ్డ చుట్టుకుంది. వాళ్ల అత్త కంగారుపడితే, “ఫికర్ లేదత్తా, సూది పడ్డ కుక్కనే,” అంది.

బాపు షిఫ్టు దిగి వచ్చాడు. ముఖం మీద బొగ్గు కడుక్కోకముందే అంతా చెప్పాను. మోతిని గొలుసుతో కట్టేసి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అక్కకు చెప్పు బాపూ అని బతిమాలాను.

“ఆగు బిడ్డా. కుక్క ఏమైతదో సూద్దాం. ఇది బయటపడితే ఎవని పేరు మీద ఎవన్ని తెచ్చినవని అడుగుతరు. నా పేరు సంగతి గూడ అడుగుతరు. నా కొలువు పోతే మనం ఏం తినాలె?”

మరునాడు మామూలుగా షిఫ్టుకు పోయాడు. ఆ మరునాడూ పోయాడు. అవ్వ ఎప్పటిలాగే వండి పెట్టింది. నేను మా అరుగు మీద కూర్చుని అక్కను చూస్తూ ఉన్నాను. గుడ్డ చుట్టిన చేత్తోనే బియ్యం చెరిగింది, అదే చేత్తో పిల్లను ఎత్తుకుని పాలిచ్చింది. నన్ను చూసి ఒకసారి నవ్వింది కూడా. కుక్క ఎట్లున్నది పిల్లా అని అడిగింది. నేను లేచి లోపలికి పోయాను.

మూడో పొద్దున మోతి గొలుసుకే చచ్చిపడి ఉంది. బాపు పార తీసుకుని ఇంటి వెనక గుంత తవ్వడం మొదలుపెట్టాడు. నేను ఎవరినీ అడగలేదు. నడుచుకుంటూ పక్కింటికి పోయి అంతా చెప్పేశాను. బడి వరండా, రాజాకు పడ్డ రెండో సూది, చిరిగిన చెవి, అన్నీ చెప్పాను.

అక్క అప్పుడు పిల్లకు పాలిస్తోంది. నన్ను కొట్టలేదు, తిట్టలేదు. ముందు పిల్లను రొమ్ము నుంచి తప్పించి చాప మీద పడుకోబెట్టింది. కడుపు నిండని పిల్ల కెవ్వున ఏడ్చింది. అక్క ఆ పిల్ల వైపు చూడకుండా నన్నే చూస్తూ, “నిన్ను అడిగిన గదనే పిల్లా,” అంది.

పిచ్చికుక్క కాటుకు మందు మా దగ్గర దొరికేది కాదు. ఆ రోజే వాళ్లాయన ఆమెను రైలెక్కించి వరంగల్ పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు. బొడ్డు చుట్టూ పద్నాలుగు రోజులు పద్నాలుగు సూదులు. పాలు కూడా విషమయ్యాయేమోనని పెద్దవాళ్లు పిల్లను ఆమెతో పంపలేదు. ఆ పద్నాలుగు రోజులూ గోడ అవతల పిల్ల ఏడుపు విన్నాను. మేకపాలు పట్టేవారు, సగం కక్కేసేది. అక్క ప్రాణంతో తిరిగొచ్చింది. కానీ పాలు ఎండిపోయాయి. పిల్లను ఒళ్లోకి తీసుకుంటే అది ముఖం తిప్పుకుని నానమ్మ కోసం చేతులు చాచింది. అరుగు మీద కూర్చుని ఆమె నోట్లో కొంగు కుక్కుకుని ఏడవడం నేను చూశాను.

మా బాపు కొలువు పోలేదు. ఆ రిజిస్టరు మళ్లీ ఎవరూ తెరవలేదు. ఆయన ఎవరికి భయపడి ఆ రెండు రోజులు నోరు మూసుకున్నాడో వాళ్లు మా గడప తొక్కనేలేదు. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. అక్క మాతో కొట్లాడలేదు. నేను వాకిట్లోకి పోతే మాత్రం రాజాను లోపలికి పిలిచి తలుపు దగ్గరికి వేసేది. ఏడాది లోపే వాళ్లు వేరే బాయికి మారిపోయారు. సామాను బండికెత్తాక లైన్లో ప్రతి ఇంటికీ పోయి చెప్పి వచ్చింది. మా ఇంటి ముందు మాత్రం ఆగకుండా నడిచిపోయింది. తర్వాత ఆమె ఎక్కడుందో, ఎట్లా ఉందో నాకు తెలియదు.

బాపు మీద నాకు ప్రేమ పోలేదు. అదే కష్టం. నా ఏడుపు ఆపడానికే ఆయన ఆ పని చేశాడు. ఆ తర్వాత నేను ఎప్పుడు ఏడ్చినా లేచి బయటికి వెళ్లిపోయేవాడు. చివరి రోజుల్లో మంచం పట్టినప్పుడు కూడా ఆ సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

పెళ్లయ్యాక చాలా కుక్కలను సాకాను, నాలుగైదు పిల్లులనూ సాకాను. రోజూ ముక్కు నుంచి తోక దాకా చెయ్యి తిప్పుతాను. సూది వేయించే రోజు ఇంకెవరినీ పంపను. నేనే పోయి, మెడ పట్టుకుని, సూది లోపలికి దిగడం కళ్లతో చూసి వస్తాను. పిల్లలు ఏడ్చినా, మనవలు ఏడ్చినా ఆగింది లేదు. మా చిన్నమ్మాయి నాకు రాతిగుండె అని పేరు కూడా పెట్టింది.

ఆ అమ్మాయికే ఒకసారి ఇదంతా చెప్పాను. విని, నా చెయ్యి పట్టుకుని, ఎనిమిదేళ్ల పిల్లవు, నీకప్పుడు ఏం తెలుసమ్మా అని ఓదార్చింది. మంచి మనసుతోనే అంది. నేను తల ఊపాను కానీ ఆ మాట నాలో దిగలేదు. ఆ పొద్దున మోతి ముందు కూర్చున్న మా ఇద్దరిలో తెలిసినదాన్ని నేనే.