ఆ రోజు ఆమె వంతు

సుమో కుస్తీల పిచ్చి నాకు అంటించింది మా ఆవిడే. లాక్‌డౌన్‌లో, దేశం కాని దేశంలో, సిటీవెస్ట్‌లోని మా ఫ్లాట్ గోడలు చూసి చూసి విసుగెత్తి, ఫోన్‌లో ఏదో వెతుకుతూ ఆ జపాన్ భారీకాయుల దగ్గర ఆగిపోయింది. వాళ్ళు తలపడే ముందు బరిలో గుప్పెడు ఉప్పు చల్లుతారు. "అగో, దిష్టి తీసుకుంటున్నరు చూడు," అని పడీపడీ నవ్వింది. మర్నాటికల్లా ఆన్‌లైన్ జోస్యం ఆటలో మా ఇద్దరికీ కలిపి ఒక ఖాతా తెరిచేసింది.

టోర్నమెంట్ ఉన్న రోజుల్లో, ఉదయం పోటీలు మొదలయ్యేలోపు ఎవరెవరు గెలుస్తారో ఎంచి పంపాలి. డబ్బుల్లేవు, ఉత్త పాయింట్లే. ఒక రోజు నా వంతు, ఒక రోజు ఆమెది. నేను పాత గెలుపోటములు చూసి ఎంచేవాణ్ణి. ఆమె మాత్రం మోకాళ్ళకు కట్లు కట్టుకున్న ఒక పెద్దాయనను వదిలేది కాదు. ఆయనేమో ఓడిపోతూనే ఉండేవాడు. జ్వరమొచ్చినా, అలిగి నాతో మాటలు మానేసినా, తన వంతు మాత్రం నాకు ఇచ్చేది కాదు.

మొదటి వేసవిలో ఆమెకు మూడో నెల స్కానింగ్. కోవిడ్ నిబంధనలు, భర్తలకు ఆసుపత్రిలోకి ప్రవేశం లేదు. నేను కారులో కూర్చుని ఫోన్‌లో పోటీలు చూస్తున్నాను. ఆ రోజు కట్ల పెద్దాయన గెలిచాడు. ఆమె వస్తుంటే అద్దం దించి, "నీ ముసలోడు గెలిచిండు!" అని అరిచాను. ఆమె కారెక్కి, మాస్కు తీయకుండానే, "గుండె కొట్టుకుంటలేదట," అంది. లోపల ఆ మాట ఒక్కతే విని, ఆ పొడుగాటి వరండా అంతా ఒక్కతే నడిచి వచ్చింది. ఎవరి మీదో తెలియదు గాని, ఆ కోపం నాకింకా తగ్గలేదు.

మరుసటి వేసవిలో నొప్పులు మొదలై, తెల్లవారుతుండగా అదే ఆసుపత్రికి వెళ్ళాం. నొప్పులు బాగా ముదిరాక పిలుస్తామని, అప్పటిదాకా నన్ను బయటే ఉండమన్నారు. కాలుగాలిన పిల్లిలా కారు చుట్టూ తిరిగాను. సీటు వెనక్కి వాల్చాను, మళ్ళీ ముందుకు లాగాను. కొన్న కాఫీ బానెట్ మీదే చల్లారిపోయింది. లోపలికి ఫోన్ చేస్తే "షీ ఈజ్ గ్రాండ్" అన్నారు. ఈ దేశంలో బాగానే ఉందనడానికి అదే మాట; వాన కురిసినా గ్రాండే, బస్సు రాకపోయినా గ్రాండే. ఆ మాటతో నాకేం ధైర్యం వస్తుంది?

జపాన్‌లో టోర్నమెంట్ నడుస్తోంది. ఆ రోజు ఆమె వంతు. ఆ వంకనైనా రెండు మాటలు వస్తాయని, పేర్లు చెప్పమని మెసేజ్ పెట్టాను. పోటీలు ఇక మొదలవుతాయనగా జవాబు వచ్చింది. "నువ్వే పెట్టు."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. తలుపు దగ్గరికి పరుగెత్తాను. అక్కడున్న నర్సు చెయ్యి అడ్డం పెట్టి, ఇందాకే చూశామని, ఇంకా చాలా టైముందని చెప్పింది.

"తన వంతు నాకు ఇచ్చేసింది. ఎప్పుడూ ఇవ్వదు. దయచేసి ఇప్పుడే ఒకసారి చూడండి," అన్నాను. ఏం వంతని అడిగితే సుమో గురించి చెప్పబోయి తడబడ్డాను. నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసినా, మహాతల్లి, లోపలికైతే వెళ్ళింది. తిరిగి వచ్చేటప్పుడు పరుగున వచ్చి, "రండి, త్వరగా," అంది.

వెళ్ళి చెయ్యి పట్టుకునేసరికి మా ఆవిడ కళ్ళు తెరిచింది. "పెట్టినవా?"

"పెట్టలే."

"ఏం మనిషివయ్యా! ఇయ్యాల సున్నా వస్తది గదా," అని తిట్టబోతుండగానే నొప్పి వచ్చి, నా వేళ్ళు నలిపేసింది.

మంచం పక్కన మిషన్‌లో బిడ్డ గుండె గబగబా కొట్టుకుంటోంది. అన్ని నెలల స్కానింగులకూ కారులోనే కూర్చున్న నేను, ఆ చప్పుడు వినడం అదే మొదటిసారి.