పక్క గదిలో గురక

మా ఇంట్లో గురకను ఎవరూ జబ్బుగా చూడలేదు. మా నాన్న పెట్టేవారు, పెదనాన్న పెట్టేవారు. ఒళ్లు వంచి పనిచేసిన మనిషి పడుకుంటే చప్పుడు కాకుండా ఉంటుందా అనేది మా అమ్మ. నలభై దాటాక నాకూ అది వచ్చినప్పుడు, పొలంలో వాటా వచ్చినట్టే తీసుకున్నాను. ఆ తర్వాత మా ఆవిడకు బీపీ మొదలైంది. నిద్ర చెడకూడదని డాక్టరు ఆమెకు చెప్పారు. ఆ సాయంత్రమే నా మంచం వీధి గదిలోకి మార్చుకున్నాను. ఆమె కోసం చేసిన మంచి పనుల్లో అదొకటి అనుకున్నాను. పదేళ్లపాటు అలాగే అనుకున్నాను.

శ్రీకాకుళంలో ఒక దినపత్రిక జిల్లా డెస్కులో నా ఉద్యోగం. మండలాల నుంచి విలేకరులు పంపే వార్తలు దిద్ది, శీర్షిక పెట్టి, పేజీలోకి పంపాలి. ఈ పనిలో నాకు మొదట నేర్పింది ఒకటే: ఒకరి మాట మీద వార్త వేయకూడదు. ఆరోపణ ఉంటే అవతలి వాళ్లను అడిగి, వాళ్లు చెప్పింది ‘వివరణ’ అని కింద పెట్టాలి. వివరణ లేకుండా వచ్చిన వార్తను వెనక్కి కొట్టడంలో నాకు కొంచెం చెడ్డపేరే ఉండేది.

యాభై నాలుగో ఏట ఆ పట్టింపు పోయింది. ఎప్పుడు పోయిందో చెప్పలేను. ఏడుపు రాలేదు, పెద్ద కష్టమేదీ రాలేదు. వచ్చిన వార్త వచ్చినట్టే పేజీలోకి పంపేసేవాణ్ని. అన్నం ముందు కూర్చుంటే కలపడానికి బద్ధకం. పొద్దున్న లేచేసరికే రోజంతా పనిచేసినట్టు ఒళ్లు బరువు. తొమ్మిది గంటలు పడుకున్నా అంతే, అందుకని ఇంకా ఎక్కువ పడుకునేవాణ్ని. ఒకరోజు భోజనాల దగ్గర, సెలవు పెట్టమని మా ఆవిడ అంటే, “నేను లేకపోయినా పేపరు వస్తుందిలే” అన్నాను. ఆఫీసు గురించే అన్నాను. ఆమె చేతిలో గరిటె ఆగింది. ఆమెకు మొదటి రెండు మాటలే వినపడ్డాయి.

ఆ రోజు నుంచి ఆమె నన్ను ఇంట్లో ఒంటరిగా వదల్లేదు. కోటబొమ్మాళిలో ఉన్న తన చెల్లెలి ఇంటికి ఏటా వెళ్లి పది రోజులుండే మనిషి, పొద్దున్న వెళ్లి సాయంత్రానికి తిరిగి రావడం మొదలుపెట్టింది. అది కూడా నన్ను వెంటబెట్టుకునే. ఎందుకని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు. ఇద్దరికీ తెలుసు.

ఆమే నన్ను మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లింది. నెమ్మదస్తుడాయన. డిప్రెషన్ అని చెప్పి మాత్రలు రాశారు. “నిద్ర ఎలా ఉంది?” అని అడిగారు. “నిద్రకేం లోటు లేదండీ, ఎక్కువే” అన్నాను. ఆయన రాసుకున్నారు. మాత్రలు నన్ను మునిగిపోకుండా పట్టుకున్నాయి, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఏడాదైనా ఆ పొద్దుటి బరువు దిగలేదు. నాకింతే అనుకున్నాను. మా ఆవిడ అలా అనుకోలేదు గానీ, ఏం చేయాలో ఆమెకూ తెలియలేదు.

అలాంటి రోజుల్లోనే కోటబొమ్మాళి నుంచి పాసింజరు రైల్లో తిరిగి వస్తున్నాం. మధ్యాహ్నం, ఎండ. నాకు కిటికీ పక్క, మా ఆవిడకు ఎదుటి వరసలో సీటు దొరికాయి. నా పక్కన సంతలో ఎండుచేపలు అమ్ముకుని వస్తున్న ఒక పెద్దామె కూర్చుంది, ఖాళీ గంప కాళ్ల దగ్గర పెట్టుకుని. బండి కదలగానే నాకు కునుకు పట్టింది. తర్వాత జరిగింది మా ఆవిడ చెప్పగా విన్నదే. ఎన్నోసార్లు చెప్పింది కాబట్టి నేను చూసినట్టే ఉంటుంది.

“ఒలమ్మా, ఈ బాబు నీ మనిసేనా?” అందట పెద్దామె.

“అవునమ్మా. గురక పెడుతున్నారా? లేపమంటావా?”

“గురకెడితే పెట్టనీ, నాకేటి? గురక ఆగిపోతన్నాది. అదీ నా బెంగ. ఇలాగొచ్చి సూడు.”

మా ఆవిడ లేచి వచ్చి చూసిందట. నా నోరు తెరుచుకుని ఉంది, ఛాతీ ఎగురుతోంది, గాలి మాత్రం లోపలికి వెళ్లడం లేదు.

“ఇదుగో, ఆగినాది... ఇంకా రాలేదు... ఇంకా లేదు... ఆఁ, వొచ్చినాది! సూసినావా, నీటి మీదకి తేలినోడిలాగ ఎలా పీల్సినాడో? ఆమదాలస వొచ్చేలోగా ఎన్నిసార్లు ఆగుతాదో నువ్వే సూడు. ఇంటికాడా ఇంతేనా?”

“ఏమోనమ్మా. ఆయన వేరే గదిలో పడుకుంటారు.”

“అదీ! గొప్పోలు మీరు, గదికొకలు తొంగుంతారు. మాకున్నది ఒక్కటే గది. నలుగురం ఒక్క కాడే తొంగుంతాం. ఎవుడి ఊపిరి ఎలాగున్నాదో అందరికీ తెలుస్తాది. డాట్రుకి సెప్పినావా?”

“లేదు.”

“ఏటి లేదు? మొగుడూపిరి ఆగిపోతే పెల్లానికి తెల్దేటి? సెప్పీయే తల్లీ, రేపే సెప్పీ.”

అప్పుడే నాకు మెలకువ వచ్చింది. ఇద్దరు ఆడవాళ్లు నా మీదకు వంగి ఉన్నారు. “ఏమైంది?” అన్నాను. “ఏటీ కాలేదు, తొంగో” అంది పెద్దామె. మా ఆవిడ కళ్లు తుడుచుకుంటోంది. ఆమదాలవలసలో దిగి ఆటో ఎక్కాక జరిగిందంతా చెప్పింది.

మర్నాడు వైద్యుడి దగ్గర నన్ను నోరెత్తనివ్వలేదు. మొత్తం తనే చెప్పింది. ఆయన కలం కింద పెట్టి విన్నారు. “నిద్ర గురించి నేను మీవారిని అడిగానమ్మా. మిమ్మల్ని అడగాల్సింది” అన్నారు. ఆయన తప్పు ఒప్పుకున్నారు గానీ, అందులో నా వాటా పెద్దది. వివరణ లేదని పాతికేళ్లు ఊళ్లోవాళ్ల వార్తలు వెనక్కి పంపినవాణ్ని, నా నిద్ర గురించి నా ఒక్కడి మాటే నమ్మాను. నిద్రపోతున్నవాడు దానికి సాక్షి ఎలా అవుతాడు?

ఆయన విశాఖపట్నంలో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరకు పంపారు. అక్కడ ఒక చిన్న పరికరం ఇచ్చారు. వేలికి క్లిప్పు, ముక్కు కింద సన్నని గొట్టం, ఛాతీకి పట్టీ. అవి పెట్టుకుని ఇంట్లో ఒక రాత్రి పడుకున్నాను. రిపోర్టు చూసి స్లీప్ ఆప్నియా అన్నారు. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగుతుంది, మెదడు ఉలిక్కిపడి లేపుతుంది, లేచినట్టు మనకు తెలియదు, రాత్రంతా ఇదే తంతు అని విడమరిచి చెప్పారు. “అయితే నాది డిప్రెషన్ కాదా?” అని ఆశగా అడిగాను. ఆయన నవ్వి, “రెండూ ఉండొచ్చు. ఒకదానికొకటి బలం ఇస్తాయి. మిషన్ పెట్టుకోండి, మాత్రలు మాత్రం మీ అంతట మీరు మానకండి” అన్నారు.

మిషన్ వచ్చింది. గొట్టం, దాని చివర ముక్కుకు తొడుక్కునే మాస్కు. గాలి వదులుతూ గొంతు మూసుకోకుండా చూస్తుందది. నా మంచం మళ్లీ లోపలి గదిలోకి వెళ్లింది. చూడటానికి కోటబొమ్మాళి నుంచి వచ్చిన మా మరదలు పొట్ట పట్టుకుని నవ్వింది. “బావా, వినాయకుడిలాగున్నావు. ఉండ్రాళ్లు ఎట్టీమంతావేటి?” మొదటి వారం నరకం. ముక్కు మీద ఎర్రటి గీతలు, నోరు ఎండిపోవడం, తెల్లారేసరికి మాస్కు దిండు కింద. ఎప్పుడు పీకేశానో తెలిసేది కాదు. రెండుసార్లు మానేస్తానన్నాను. మా ఆవిడ వాదించలేదు. మాస్కు సైజు మార్పించుకొచ్చింది.

వెలుగేమీ ఒక్కసారిగా రాలేదు. మూడో నెలలో అనుకుంటాను, ఒక మధ్యాహ్నం శృంగవరపుకోట నుంచి బదిలీ మీద మా జిల్లాకొచ్చిన విలేకరి పంపిన వార్త చదువుతున్నాను. పనసకాయల వ్యాపారులు తూకంలో మోసం చేస్తున్నారని రైతులు అంటున్నారు. బాగానే రాశాడు. ఫోన్ చేశాను.

“వ్యాపారుల వివరణ ఏదయ్యా?”

“ఆళ్లు దొరకలేదు సార్.”

“కాయలు అక్కడే అమ్ముతున్నవాళ్లు దొరక్కపోవడం ఏంటి? సంతలో నిలబడి వాళ్లనొదిలేసి వచ్చావా? వార్త రాశావా, తీర్పు రాశావా?”

 అవతల నవ్వు. “సార్, ఇక్కడికొచ్చి ఏడాదిన్నరయింది. మీరు తిడతారని అందరూ బయపెట్టినారు. ఇయ్యాలే మొదటిసారి తిట్టినారు. ఇంకో రెండు తిట్టండి సార్, అందరికీ సెప్పుకుంతాను.”

ఫోన్ పెట్టేశాక తెలిసింది, నాకు నిజంగానే కోపం వచ్చిందని. ఎంత కాలమైందో అలా వచ్చి. ఆ రోజు భోజనం డబ్బా ఖాళీ చేశాను.

ఇది జరిగి ఏడాది దాటింది. మాత్రలు సగానికి తగ్గించారు, పూర్తిగా ఆపలేదు. బరువుగా తెల్లారే రోజులు ఇప్పటికీ ఉన్నాయి. అవి వస్తాయని తెలుసు, పోతాయని కూడా తెలుసు. మునుపు ఆ రెండోది తెలిసేది కాదు.

మొన్న మా మరదలికి కంటి ఆపరేషన్ అయింది. వారం రోజులు తోడు కావాలి. “అక్కా, ఈసారైనా ఉంతావా, సాయంత్రం బండికి పారిపోతావా?” అని ఫోన్‌లో నిలదీసింది. మా ఆవిడ నా వైపు చూసింది. వెళ్లమనీ అనలేదు, వద్దనీ అనలేదు నేను. అది ఆమె తేల్చుకోవాల్సిన సంగతి. ఒక పూటంతా ఆలోచించి బట్టలు సర్దుకుంది. ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు ఎక్కించి వచ్చాను.

మొదటి రోజు మూడుసార్లు ఫోన్ చేసింది. తిన్నారా, మాస్కు పెట్టుకున్నారా, గొంతు అలా ఉందేంటి అని. రెండో రోజూ అంతే. మూడో రోజు పొద్దున్న చేయలేదు. మధ్యాహ్నం దాటాక చేసింది. తోడల్లుడు ఉప్మాలో ఉప్పు రెండుసార్లు వేశాడట. చెల్లెలు నల్ల కళ్లద్దాలు పెట్టుకుని వీధిలో అందరికీ చూపిస్తోందట. పక్కింటివాళ్ల గేదె ఈనిందట, జున్నుపాలు ఇచ్చారట. నవ్వుతూ, మధ్యలో ఎవరినో కేకలేస్తూ, ఆపకుండా చెప్పుకుపోయింది. “సరే, పొయ్యి మీద పాలున్నాయి” అని పెట్టేసింది.

నేనెలా ఉన్నానని అడగడం మర్చిపోయింది. ఎవరికి మొక్కాలో తెలియక, ఆ ఫోన్ చేత్తో పట్టుకుని చాలాసేపు అక్కడే కూర్చున్నాను.