మెరవని కాగితం మీద అమ్మ

ఫొటోలు ప్రింటు తీసే అక్క దగ్గరికి ఒక ముసలాయన భార్యను వెంటబెట్టుకొని వచ్చాడు. ఆమెకు చూపు మందగించింది. నిగనిగలాడే కాగితం మీద వెలుగు పడి, ఫొటోలో తన తల్లి ముఖమే కనబడడం లేదట.

అక్క మెరుపులేని మ్యాట్ కాగితం మీద ప్రింటు తీసింది. ముఖం మసిబారినట్టు వచ్చింది.

"నా మతిమరుపు మండ! ప్రింటర్లో నిగనిగల కాగితం సెట్టింగే ఉండిపోయింది," అని నాలుక కరుచుకుంది.

సెట్టింగు మ్యాట్‌కు మార్చి, ముఖం మీది నీడలు కాస్త తగ్గించి మళ్ళీ తీసింది. ఇంకు ఆరేదాకా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

పెద్దావిడ దాన్ని కిటికీ వెలుగులో కళ్ళకు ఆనించినంత దగ్గరగా పట్టుకుంది.

"ఏమండీ, అమ్మ బుగ్గన సొట్ట చూశారా? నాకూ ఇలాగే ఉండేది!"

"ఉండేదేమిటి, ఇప్పుడూ ఉంది," అన్నాడాయన.

అక్క చిన్నగా నవ్వుకుంటూ అటు తిరిగి ప్రింటర్ మూత తుడవసాగింది.